విద్యార్థుల ఆరోగ్యం మీద సర్వే: గూగుల్ ఫారమా, కాగితమా, ఎదురుగా కూర్చుని అడగడమా?

కమ్యూనిటీ మెడిసిన్‌లో ప్రాజెక్ట్ చేస్తామని వచ్చే ఎంబీబీఎస్ పిల్లల దగ్గర చాలాసార్లు గూగుల్ ఫారం లింక్ ముందే తయారుగా ఉంటుంది. ఏం తెలుసుకుందామనుకుంటున్నారని అడిగితే మాత్రం "హెల్త్ అవేర్‌నెస్, మేడమ్" అని ఊరుకుంటారు. లింక్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. సీఆర్ (క్లాస్ ప్రతినిధి) రెండు మూడుసార్లు "గైస్, ప్లీజ్ ఫిల్" అని గుర్తు చేస్తాడు. వారం తిరిగేసరికి ఎక్సెల్ షీటు, దాన్నుంచి రంగురంగుల పై చార్టులు. తీరా చూస్తే దాదాపు అందరూ రోజూ వ్యాయామం చేస్తున్నట్టు, సిగరెట్ ఎవరూ ముట్టనట్టు తేలుతుంది. సాయంత్రం ఒకసారి బాయ్స్ హాస్టల్ వెనక గోడ దాకా వెళ్లొస్తే చాలు, ఆ చార్టు విలువెంతో తెలిసిపోతుంది.

అడిగే పద్ధతులకు కొదవ లేదు. ఆన్‌లైన్ ఫారం, కాగితం మీద ప్రశ్నావళి, ఎదురుగా కూర్చుని అడగడం, పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించడం, క్లాసులో అప్పటికప్పుడు పోల్ పెట్టడం, ఏమీ అడక్కుండా చూసి రాసుకోవడం. వీటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: తన సమాధానం ఎవరి కంట పడుతుందని ఆ పిల్లవాడు అనుకుంటున్నాడు? నిజంగా ఎవరు చూస్తారన్నది వేరే సంగతి. వాడు ఏమనుకుంటున్నాడన్న దాన్ని బట్టే వాడి పెన్ను కదులుతుంది. ఖర్చు, టైమ్, సాఫ్ట్‌వేర్ అన్నీ దీని తర్వాతే.

వాట్సాప్ పోల్, టెలిగ్రామ్ పోల్

వాట్సాప్ గ్రూపులో పెట్టే పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో గ్రూపులో ఉన్న అందరికీ పేర్లతో సహా కనిపిస్తుంది. కాబట్టి ఆరోగ్య శిబిరం శనివారమా ఆదివారమా, టాపిక్ డెంగీ పెట్టాలా రక్తహీనత పెట్టాలా లాంటి వాటికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. "మీరు నిద్రమాత్రలు వాడుతున్నారా?" అని మాత్రం అందులో అడక్కూడదు. టెలిగ్రామ్ పోల్‌లో ఓటు వేసినవాళ్ల పేర్లు దాచుకోవచ్చు, సరైన జవాబు చూపించే క్విజ్ పద్ధతీ ఉంది. రివిజన్‌కి బాగుంటుంది. అయినా ఒక్క ప్రశ్న పోల్‌తో ఒకరి ఆరోగ్య దృక్పథాన్ని కొలవలేం. మొగ్గు ఎటుందో తెలుస్తుంది, ఎందుకో తెలియదు.

గూగుల్ ఫారమా, కాగితమా

ఎక్కువమంది ఆగేది ఇక్కడే. గూగుల్ ఫారం వైపు లాభాలు తెలిసినవే: పైసా ఖర్చు లేదు, డేటా ఎంట్రీ బాధ లేదు. కాగితం మీద నలభై ప్రశ్నలు 150 మందితో నింపిస్తే ఆరువేల గడులు చేత్తో టైప్ చేయాలి, అదీ తప్పుల్లేకుండా కావాలంటే ఇద్దరు విడివిడిగా ఎక్కించి సరిచూసుకోవాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వైద్య విద్యార్థులకిచ్చే ఎస్‌టీఎస్ పరిశోధన పథకం కింద రెండు నెలల్లో మొత్తం ముగించాల్సిన విద్యార్థికి ఇది చిన్న భారం కాదు.

అయినా అలవాట్లు, వ్యసనాలు, మనసు బాగోగులు అడిగేటప్పుడు నా ఓటు కాగితానికే. కారణం ఫారం సెట్టింగుల్లోనే ఉంది. ఒకే మనిషి నాలుగుసార్లు నింపకుండా ఉండాలని "ఒక్క రెస్పాన్స్" ఆప్షన్ ఆన్ చేస్తారు. అప్పుడు జీమెయిల్‌తో లాగిన్ కావాలి. ఈమెయిల్ సేకరించే ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే ఫారం పెట్టినవాళ్లకు అడ్రస్ చేరదు. కానీ నింపే పిల్లకు పైన తన సొంత మెయిల్ ఐడీ కనిపిస్తూనే ఉంటుంది. "మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి" అని కింద ఎంత పెద్దక్షరాల్లో రాసినా, ఆ మెయిల్ ఐడీ చూసిన అమ్మాయి నమ్మదు. ఆ ఆప్షన్ తీసేస్తే నమ్మకం కొంత పెరుగుతుంది, ఒకరే రెండుసార్లు నింపే ప్రమాదమూ పెరుగుతుంది. కాలేజీ సర్వేలో సరదాకి నాలుగుసార్లు నింపేవాళ్లు అరుదు. నేనైతే ఆ రిస్కు తీసుకోమంటాను.

కాగితానికీ కండిషన్లున్నాయి. లెక్చర్ హాల్లో భుజాలు రాసుకుంటూ కూర్చున్నవాళ్ల చేతికి ఇస్తే పక్కవాడు చూస్తాడు. ఇద్దరి మధ్య ఒక సీటు వదిలి కూర్చోబెట్టాలి. ప్రశ్నలకు టిక్కులే ఉండాలి, రాత అవసరం లేకుండా చూడాలి. చేతిరాత గుర్తుపట్టే సార్లు మన దగ్గర చాలామందే ఉన్నారని పిల్లలకు తెలుసు. నింపిన కాగితాన్ని టీచర్ చేతికి ఇప్పించొద్దు. సీలు వేసిన అట్టపెట్టెలో, మడతపెట్టి, ఖాళీగా వదిలేసినవాళ్లు కూడా వేసేలా ఏర్పాటు చేయాలి. ఖాళీ కాగితం వేసే హక్కు ఉందని ముందే చెబితే ఎవరు నింపారో ఎవరు నింపలేదో బయటపడదు. ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న మనిషి ఆ గదిలో ఉండకపోవడమే మంచిది. పాథాలజీ చదువుతున్న బ్యాచ్ మీద సర్వే అయితే ఫిజియాలజీ టీచర్లను పంపమనండి.

నాలెడ్జ్ ప్రశ్నలకు ఇంకో చిక్కుంది. టీకా షెడ్యూలు, కుక్క కరిస్తే చేయాల్సిన మొదటి పని లాంటివి ఇంటికి లింక్ పంపి అడిగితే మీరు కొలిచేది విద్యార్థి జ్ఞానాన్ని కాదు, అతని ఇంటర్నెట్ స్పీడుని. అందరికీ ఫుల్ మార్కులొస్తాయి. అలాంటి ప్రశ్నలు క్లాసులోనే, టైమ్ పెట్టి, ఫోన్లు బ్యాగుల్లో పెట్టించి అడగాలి.

జడ్పీ హైస్కూళ్లకు, గురుకులాలకు వెళ్తే కాగితం తప్ప ఇంకో దారి దాదాపు లేదు. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. ఇంట్లో అమ్మ ఫోన్‌లో నింపమంటే పక్కన అమ్మ ఉంటుంది, ఆ సమాధానం అమ్మ కోసం రాసిన సమాధానమే. డబ్ల్యూహెచ్ఓ, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి రూపొందించిన పాఠశాల విద్యార్థుల ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం ఉద్దేశించింది. పేరు రాయకుండా పిల్లలే నింపుకునే పద్ధతి దానిది. ఆహారం, చేతుల శుభ్రత, పొగాకు, కొట్లాటలు, మనసు సంగతులు అన్నిటికీ అందులో సిద్ధంగా ప్రశ్నలున్నాయి. సొంతంగా ప్రశ్నలు తయారుచేసే ముందు వాటిని తీసి చూడండి. మన దేశంలో ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్ 2019లో చేసిన నాలుగో విడత గ్లోబల్ యూత్ టొబాకో సర్వే 987 బడుల్లో 97,302 మంది పిల్లల్ని అడిగింది. 13-15 ఏళ్లవాళ్లలో 8.5 శాతం మంది అప్పటికి ఏదో రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. టీచర్ చేతులెత్తమని అడిగితే ఆ అంకె వచ్చేదా?

ఎక్కువమంది నింపితే సరిపోతుందా

ఆన్‌లైన్ సర్వేకి అసలు జబ్బు సంఖ్య కాదు, ఎవరు నింపారన్నది. జాతీయ వైద్య కమిషన్ వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. 2024లో వచ్చిన దాని నివేదికకు ఆధారమైన ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది యూజీ విద్యార్థులు, 5,337 మంది పీజీలు, 7,035 మంది అధ్యాపకులు పాల్గొన్నారు. యూజీల్లో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. అంకె పెద్దదే, భయపడాల్సిందే. కానీ ఏటా లక్షకు పైగా ఎంబీబీఎస్ సీట్లున్న దేశంలో ఆ లింక్ తెరిచి చివరిదాకా నింపింది ఎవరు? బాధలో ఉండి ఎవరితోనైనా చెప్పుకోవాలనుకున్నవాళ్లు ఎక్కువగా నింపి ఉండొచ్చు. బాధలో మరీ కూరుకుపోయి లింకే తెరవనివాళ్లూ ఉండొచ్చు. అందుకని దాన్ని ప్రమాద ఘంటికగా వాడొచ్చు, "దేశంలోని మెడికోల్లో ఇంత శాతం" అని థీసిస్ పీఠికలో రాసేయడం మాత్రం తగదు.

మీ కాలేజీలోనూ ఇదే లెక్క. 150 మంది బ్యాచ్‌కి లింక్ పంపితే 60 మంది నింపారనుకోండి. ఆ అరవై మందిలో ముందు బెంచీల వాళ్లెందరు, సప్లీ రాస్తున్నవాళ్లెందరు? తెలియకపోతే 60 మంది సంగతే చెప్పండి, బ్యాచ్ సంగతి చెప్పకండి. అదే 150 మందికి ప్రాక్టికల్ బ్యాచ్‌ల వారీగా కాగితాలిచ్చి నూటముప్పై తెచ్చుకోగలిగితే, ఆరు వందల మంది లింక్ నింపిన సర్వేకన్నా దాన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

శాంపిల్ సైజు గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. అందరికీ కంఠతా వచ్చిన 4పీక్యూ సూత్రంలో (పీ అంటే ఆ లక్షణం ఉన్నవాళ్ల శాతం, క్యూ అంటే లేనివాళ్ల శాతం) పీ 50 శాతం, అనుమతించే తేడా 5 శాతం పెడితే 400 వస్తుంది. మీ బ్యాచే 150 మంది అయినప్పుడు 400 ఎక్కడి నుంచి తెస్తారు? చిన్న జనాభాకు సవరించుకుంటే అది 109 దగ్గర ఆగుతుంది. నన్నడిగితే ఆ లెక్క కూడా వదిలేసి అందరినీ అడగండి. శాంపిల్ తీయడం ఊళ్లకు, జిల్లాకు. ఒక్క క్లాసుకు ఎందుకు?

పేరు తీసేస్తే సరిపోదు

ప్రశ్నావళి మొదటి పేజీ చూడండి. వయసు, ఆడ/మగ, సొంత జిల్లా, హాస్టలా ఇంటి నుంచా, తండ్రి వృత్తి. పేరు కాలమ్ లేదు కదా, ఇంకేం అనుకుంటాం. కానీ 150 మందిలో శ్రీకాకుళం నుంచి వచ్చి, హాస్టల్లో కాకుండా బయట ఉంటూ, 24 ఏళ్లున్న అమ్మాయి ఒక్కతే ఉంటుంది. ఆమెకూ తెలుసు, మీకూ తెలుసు, డేటా ఎంటర్ చేసే ఆమె క్లాస్‌మేట్‌కి ఇంకా బాగా తెలుసు. విశ్లేషణలో వాడని ఏ కాలమ్‌నైనా తీసిపారేయండి. వయసు అవసరమైతే రెండు మూడేళ్ల గడులుగా ఇవ్వండి. తండ్రి వృత్తి ఎందుకు అడుగుతున్నారో చెప్పలేకపోతే అది పాత ప్రొఫార్మా నుంచి కాపీ అయిందన్నమాట.

శిక్షణకు ముందు, తర్వాత ఒకే విద్యార్థి సమాధానాలు జతచేయాల్సి వస్తే పేరు లేకుండా ఎలా? రహస్య కోడ్ వాళ్లనే తయారుచేసుకోమనండి: అమ్మ పేరులో మొదటి అక్షరం, సొంత ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు, పుట్టిన తేదీ, అదీ నెల, సంవత్సరం లేకుండా. రెండు నెలల తర్వాత అడిగినా అదే కోడ్ రాయగలరు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అక్షరం తెలుగులో రాయాలో ఇంగ్లిష్‌లో రాయాలో ముందే చెప్పాలి, లేకపోతే శ్యామల కూతురు మొదటిసారి ఒకలా, రెండోసారి ఇంకోలా రాసి ఇద్దరు మనుషులైపోతుంది.

ఎదురుగా కూర్చుని అడిగితే

ప్రశ్న అర్థంకాని వాళ్లకు, చిన్నపిల్లలకు, "ఎందుకు" అన్నది కావాల్సిన చోట ఇంటర్వ్యూకి సాటి లేదు. కానీ తెల్లకోటు వేసుకున్న మనిషి ఎదురుగా ఉంటే తొమ్మిదో తరగతి పిల్లాడు మంచి జవాబే చెబుతాడు. రోజుకి రెండుసార్లు పళ్లు తోముకుంటాడు, కూరగాయలు ఇష్టంగా తింటాడు. కోటు తీసేసి వెళ్లండి. ఆడపిల్లల్ని నెలసరి గురించి అడగడానికి ఆడవాళ్లనే పంపాలి, స్కూల్ టీచరు పక్కన లేకుండా చూడాలి.

ఫోకస్ గ్రూప్ చర్చ సొంత సంగతులు రాబట్టడానికి కాదు. ఆరు నుంచి పది మంది కూర్చున్నచోట నేను తాగుతానని ఎవరూ అనరు, "మా వాళ్లలో కొందరు..." అంటారు. ఆ "మా వాళ్లలో" దగ్గరే విలువైన సరుకు దొరుకుతుంది: హాస్టల్లో ఏది మామూలు, ఏది సిగ్గు, ఎవరి మాట చెల్లుతుంది. సర్వే ప్రశ్నలు తయారుచేసే ముందు ఇలాంటి చర్చలు రెండు, సీనియర్లను జూనియర్లతో కలపకుండా పెట్టుకుంటే, ప్రశ్నావళిలో ఇవ్వాల్సిన ఆప్షన్లు వాళ్ల నోటి నుంచే వస్తాయి.

చేతుల శుభ్రత లాంటివి అసలు అడగనే వద్దు. వార్డులో డబ్ల్యూహెచ్ఓ చెప్పిన అయిదు సందర్భాల జాబితా పట్టుకుని, ఎవరు ఎప్పుడు చేతులు కడుక్కున్నారో చూసి రాసుకోండి. చూస్తున్నారని తెలిస్తే కొంత ఎక్కువే కడుక్కుంటారు. అయినా సొంతంగా చెప్పుకునే అంకెకన్నా నయం.

చెప్పడానికీ చేయడానికీ మధ్య ఎంత దూరముందో మూడు ప్రశ్నలతో చూపిస్తాను. హౌస్ సర్జన్లను హెపటైటిస్ బి టీకా ఎన్ని డోసులని అడగండి. మూడు, అవీ సున్నా, ఒకటి, ఆరు నెలలకు అని ఠక్కున చెబుతారు. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లందరికీ తప్పనిసరి చేయాలా అంటే "పూర్తిగా ఒప్పుకుంటాను" గడి నిండిపోతుంది. "మీ మూడో డోసు ఏ నెలలో పడింది? ఆ తర్వాత యాంటీబాడీ పరీక్ష చేయించుకున్నారా, టైటర్ (రక్తంలో యాంటీబాడీల స్థాయి) 10 దాటిందా?" అన్నది మూడో ప్రశ్న. పెన్నులు ఆగేది అక్కడ. మీ సర్వేలో మొదటి రెండు రకాల ప్రశ్నలే ఉంటే కాలేజీ అంతా ఆరోగ్య స్పృహతో వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది. వాళ్లు వైవాకి (మౌఖిక పరీక్షకి) చెప్పినట్టే సర్వేకీ చెబుతారు. ఆచరణ గురించి అడిగేటప్పుడు ప్రశ్నలో తేదీ, సంఖ్య, నిన్న, పోయిన వారం ఉండాలి. "సాధారణంగా", "తరచుగా" అన్న మాటలు కొట్టేయండి. సంక్రాంతి సెలవుల నుంచి తిరిగొచ్చిన సోమవారం నాడు మాత్రం నిన్న ఏం తిన్నారని అడక్కండి.

రూపాయి బిళ్లతో నిజం

ఎవరికీ, చివరికి మీకు కూడా, ఎవరి సమాధానం ఏమిటో తెలియకుండా మొత్తం లెక్క తేల్చే పద్ధతి ఒకటుంది. 1965లో వార్నర్ అనే గణాంక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఆలోచన నుంచి వచ్చింది. మన కాలేజీల్లో దీన్ని ఎందుకు వాడరో నాకు అర్థం కాదు, ఖర్చు ఒక రూపాయి బిళ్ల.

క్లాసులో 200 మంది ఉన్నారనుకుందాం. ప్రతి ఒక్కరూ ఎవరికీ కనపడకుండా బిళ్ల ఎగరేస్తారు. బొమ్మ పడితే నిజంతో సంబంధం లేకుండా "అవును" అని టిక్ పెట్టాలి. బొరుసు పడితే "పోయిన నెలలో మద్యం తాగారా?" అన్న ప్రశ్నకు నిజం చెప్పాలి. ఇప్పుడు ఎవరి కాగితం మీద "అవును" ఉన్నా అది బొమ్మ వల్లా, మద్యం వల్లా అన్నది దేవుడికే తెలియాలి. పెట్టె తెరిస్తే 130 "అవును"లు వచ్చాయి. అందులో దాదాపు వంద బొమ్మవి. మిగిలిన 30, బొరుసు పడిన వందమందిలోవి. అంటే 30 శాతం.

దీనికి మూల్యం కచ్చితత్వం. పై లెక్కలో అసలు అంకె 17 నుంచి 43 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నలభై మంది ఉన్న సెక్షన్‌లో ఇది పనికిరాదు, రెండు మూడు బ్యాచ్‌లు కలిపితేనే అర్థం. పైగా ఎవరికి తోడ్పాటు కావాలో దీనివల్ల ఎప్పటికీ తెలియదు. కాపీ కొట్టడం, మద్యం, డాక్టర్ చీటీ లేకుండా తీసుకునే మందులు లాంటివాటికి చక్కగా సరిపోతుంది. ఆత్మహత్య ఆలోచనల గురించి ఇలా అడక్కూడదు.

మనసు గురించి అడిగేటప్పుడు

డిప్రెషన్ కొలవడానికి ఎక్కువమంది ఎంచుకునేది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. పోయిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వివరంగా చూడాలి. ఉచితం, తెలుగులోనూ ఉంది. చిక్కు తొమ్మిదో ప్రశ్న దగ్గర. చనిపోతే బాగుండు అనిపించడం, తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి అది అడుగుతుంది. పేరు లేని ఫారంలో ఒక విద్యార్థి ఆ ప్రశ్నకు "దాదాపు ప్రతిరోజూ" అని టిక్ పెట్టాడు. రాత్రి పదకొండింటికి మీరు స్ప్రెడ్‌షీట్‌లో చూశారు. ఏం చేస్తారు? ఎవరో తెలియదు. హాస్టల్లో నాలుగు వందల మంది ఉన్నారు.

ఇక్కడ రెండు దారులు, మధ్యేమార్గం లేదు. శాతం తెలిస్తే చాలనుకుంటే పేరు లేకుండా పీహెచ్‌క్యూ-8 వాడండి. అది ఆ తొమ్మిదో ప్రశ్న తీసేసిన రూపమే, పది అన్న గీత అలాగే పనిచేస్తుంది. ఎవరికి సాయం కావాలో తెలియాలనుకుంటే పీహెచ్‌క్యూ-9 వాడండి, కానీ అజ్ఞాతంగా కాదు, గోప్యంగా. పేరు ఉంటుంది, సీలు కవర్లో ఒక్క సైకియాట్రిస్ట్ చేతికే వెళ్తుంది, అదే రోజు తెరుస్తారు, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏది పెట్టినా ఆ సాయంత్రమే మాట్లాడతారు. ఈ ఏర్పాటంతా విద్యార్థికి ముందే చెప్పాలి. సైకియాట్రీ విభాగం ఒప్పుకోకపోతే ఈ సర్వే వాయిదా వేయండి. రెండు దారుల్లో దేనిలోనైనా కాగితం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉండాలి. చించి జేబులో పెట్టుకునేలా ఉంటే ఇంకా మంచిది.

స్కూలు పిల్లల మీద ఎన్‌సీఈఆర్‌టీ 2022 జనవరి నుంచి మార్చి దాకా చేసిన సర్వేలో 3.79 లక్షల మంది పాల్గొన్నారు. 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలే ఆందోళనకు కారణమన్నారు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీ దగ్గర నివసించే ఎవరికైనా ఇందులో ఆశ్చర్యం ఏముంటుంది. తెలిసిందే మళ్లీ తేల్చడానికి ఇంకో సర్వే పెట్టే బదులు, నీట్ కోచింగ్ పిల్లల్ని ఎంతసేపు నిద్రపోతున్నారో, తలనొప్పి వస్తే ముందు ఎవరికి చెబుతారో అడగండి.

చదువు ఎక్కిందా లేదా

పాఠం ఎంత అర్థమైందో తెలుసుకోవాలంటే లెక్క మారిపోతుంది. ఇక్కడ సమాధానం వెంటనే తెలియడమే కావాలి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి మెడికల్ క్లాసుకు అతికినట్టు సరిపోతుంది. మధ్యలో ఒక ప్రశ్న వేసి ఎవరికి వారిని ఓటేయమంటారు. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే పక్కవాళ్లతో వాదించుకోమని రెండు నిమిషాలిచ్చి మళ్లీ ఓటు పెడతారు. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు పోవచ్చు.

క్లాసులో ఓటు పెట్టే యాప్‌లు చాలానే ఉన్నాయి, సాధనం ఏదైనా ఫర్వాలేదు. మెంటీమీటర్‌లో పేర్లు కనపడవు కాబట్టి వెనక బెంచీ కూడా ఓటేస్తుంది, కానీ హాల్లో నెట్ రావాలి, ఉచిత ఖాతాలో ఎంతమందికైనా అన్నది లేదు. కహూట్‌లో త్వరగా నొక్కితే ఎక్కువ పాయింట్లు. ఫార్మకాలజీ డోసులకు సందడిగా ఉంటుంది, ఆలోచించాల్సిన కేసుకు పెడితే మాత్రం వేళ్లు మెదడుకన్నా ముందు పరిగెడతాయి. దృక్పథాల మీద ప్రశ్నలు అందులో అసలు పెట్టకూడదు. ప్లిక్కర్స్‌లో విద్యార్థి చేతిలో ముద్రించిన కార్డే ఉంటుంది, టీచర్ ఫోన్‌తో స్కాన్ చేస్తారు. ఏ విద్యార్థి ఏ జవాబు చెప్పాడో పక్కవాళ్లకు తెలియదు, మీకు తెలుస్తుంది. కొత్త కాలేజీల్లో, సిగ్నల్ లేని హాళ్లలో నేను సూచించేది ఇదే.

క్లాసు అయ్యాక నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారం వేరే జాతి. "సెషన్ బాగుంది" అన్నదానికి అయిదుకి నాలుగున్నర వచ్చిందంటే సెషన్ బాగుందనే అర్థం, నేర్చుకున్నారని కాదు. ప్రీటెస్ట్ పెట్టి, గంట పాఠం చెప్పి, వెంటనే పోస్ట్‌టెస్ట్ పెడితే మార్కులు పెరగకుండా ఎలా ఉంటాయి? ఆ పెరుగుదల మీద పేపర్లు రాయడం ఇక ఆపొచ్చు. ఆరు వారాల తర్వాత, చెప్పకుండా, అదే ప్రశ్నలు తిప్పి అడగండి. పైన చెప్పిన రహస్య కోడ్ ఉపయోగపడేది అప్పుడే. సీపీఆర్, ఇంజెక్షన్ లాంటి నైపుణ్యాలకైతే "మీకెంత నమ్మకముంది" అన్న ప్రశ్నకన్నా మానికిన్ (శిక్షణకు వాడే మనిషి బొమ్మ) ముందు నిలబెట్టి చెక్‌లిస్ట్ పట్టుకోవడం ఎప్పుడూ మేలు.

కాలేజీ వాతావరణం మొత్తం కొలవాలంటే డ్రీమ్ ప్రశ్నావళి ఉంది. స్కాట్లాండ్‌లోని డండీలో తయారై 1997లో వచ్చింది, 50 వాక్యాలు, 200 మార్కులు. వేరే కాలేజీలతో పోల్చుకోవచ్చు. యాభై వాక్యాలంటే చివరికి వచ్చేసరికి పిల్లలు ఒకే నిలువు వరుసలో టిక్కులు పెట్టుకుంటూ పోతారు. అందులో తొమ్మిది వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉన్నాయి. వాటికీ అదే టిక్ ఉన్న కాగితాన్ని అనుమానించండి.

మొదలుపెట్టే ముందు

ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, డేటా తర్వాత. "పేరు లేని సర్వేకి అనుమతి ఎందుకు?" అనేవాళ్లుంటారు. అవసరమా కాదా తేల్చేది కూడా ఆ కమిటీయే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల అంగీకారం రెండూ కావాలి. స్కూళ్ల విషయంలో ఇది అందరికీ గుర్తుంటుంది. ఎంబీబీఎస్ ఫస్టియర్ దగ్గర మరిచిపోతారు. నీట్ రాయడానికి ఆ ఏడాది డిసెంబర్ 31కి 17 నిండితే చాలు కాబట్టి ఆ క్లాసులో మైనర్లు ఉంటారు. సులువైన దారి, సెకండియర్ నుంచి మొదలుపెట్టడం.

ఫారం తయారయ్యాక పదిమందికి ఇచ్చి చూడండి, వేరే బ్యాచ్ వాళ్లకి. ఎంతసేపు పట్టిందో చూసుకోండి. పది నిమిషాలు దాటితే ప్రశ్నలు తగ్గించాలి. ఇంటర్నల్స్ వారంలో, ఫలితాలొచ్చిన మర్నాడు పెట్టకండి. నెట్ లేని బడులకు వెళ్తూ డేటా మాత్రం ఫోన్‌లోనే కావాలనుకుంటే కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాధనం ఆఫ్‌లైన్‌లో పనిచేస్తుంది. విశ్లేషణకు ఉచిత సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది.

ఫలితాలు వచ్చాక ఒక్క పేజీలో రాసి మెస్ దగ్గర నోటీసు బోర్డుకి పెట్టండి, ఏం అడిగామో, ఏం తేలిందో, వార్డెన్‌కి, ప్రిన్సిపాల్‌కి ఏం చెప్పామో. వచ్చే ఏడాది మీ జూనియర్ అదే హాస్టల్‌కి కాగితాలు పట్టుకుని వెళ్తాడు. అప్పుడు ఎంతమంది నింపుతారన్నది, నిరుడు నింపినవాళ్లు వాడికి ఏం చెబుతారన్న దాన్ని బట్టే ఉంటుంది.